మా సిమెంట్ ప్లాంట్‌లో సీఓటూ పట్టి సరుకు చేస్తారట, నమ్మొచ్చా?

కిల్న్_బీ_షిఫ్ట్
పల్నాడు వైపు ఒక సిమెంట్ ప్లాంట్‌లో ప్రాసెస్ చూస్తాను. పన్నెండేళ్లుగా కిల్న్ (సున్నపురాయి కాల్చే కొలిమి) దగ్గరే నా బతుకు. పోయిన వారం జీఎం పిలిచి, మన చిమ్నీ పొగలోంచి సీఓటూ (కార్బన్ డైఆక్సైడ్) పట్టి మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్) చేసే ప్రాజెక్టు వస్తోంది, ప్లాంట్ తరఫున నువ్వే చూసుకోవాలి అన్నారు. మేము, ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ఒక స్టార్టప్. ఎమ్ఓయూ మీద సంతకాలు కూడా అయిపోయాయి. శాలువాలు, బొకేలు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు అన్నీ అయ్యాయి.

నా చేతికి వచ్చింది మాత్రం పదకొండు స్లైడ్ల ప్రజెంటేషన్. ఒక స్లైడ్‌లో చిమ్నీ బొమ్మ, దానికి ఆకుపచ్చ బాణం, బాణం చివర ఒక డబ్బా, డబ్బాలో "విలువైన ఉత్పత్తులు". అంతే. గ్యాస్ ఎవరు శుభ్రం చేస్తారు, హైడ్రోజన్ ఎక్కడి నుంచి తెస్తారు, తయారైన సరుకు ఎవరు కొంటారు, ఏ ఒక్కటీ లేదు. అడిగితే "డీపీఆర్‌లో (ప్రాజెక్టు వివరాల నివేదిక) వస్తుంది" అంటున్నారు.

మాది రోజుకు 3,000 టన్నుల క్లింకర్ (పొడి చేస్తే సిమెంట్ అయ్యే కాల్చిన గడ్డలు) లైను. మన దేశంలో ఇలాంటివి ఎక్కడైనా నిజంగా నడుస్తున్నాయా, లేక ఫొటో దిగి ఫైలు మూసేసే బాపతేనా? వచ్చే మంగళవారం మీటింగ్. రేపు ఏదైనా తేడా వస్తే అడిగేది నన్నే, అందుకే టెన్షన్.

పల్లెటూరోడు
శాలువా నీకు కప్పారా లేదా, ముందు అది చెప్పు.

కిల్న్_బీ_షిఫ్ట్
లేదు. టీ ఇచ్చారు.

లెక్కల_మాస్టారు
మెథనాల్ అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. టన్ను మెథనాల్‌కి దాదాపు 1.4 టన్నుల సీఓటూ, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. ఇది కాగితం మీద లెక్క, ప్లాంట్‌లో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. నీళ్లను కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్ల పైనే. అంటే టన్ను మెథనాల్ వెనక దాదాపు 10,000 యూనిట్ల కరెంటు. యూనిట్ ఐదు రూపాయలు వేసుకున్నా 50,000. మార్కెట్‌లో మామూలు మెథనాల్ టన్ను 30,000కి అటూ ఇటూగా దొరుకుతుంది. ఎలక్ట్రోలైజర్ (నీళ్లను విడగొట్టే మిషన్) ఖరీదు, క్యాటలిస్ట్ (రసాయన చర్యని నడిపించే పదార్థం), జీతాలు ఇంకా లెక్కలోకి రానేలేదు.

అందరూ సీఓటూ పట్టడం గురించే మాట్లాడతారు. జేబుకి చిల్లు పెట్టేది హైడ్రోజన్. మీ స్లైడ్‌లో బాణానికి కరెంటు బిల్లు రాదు కాబట్టి అంత పచ్చగా ఉంది.

పచ్చనాకు
మాస్టారి లెక్కకి ఇంకో లైను. ఆ 10,000 యూనిట్లు బొగ్గు కరెంటు అయితే, 1.4 టన్నులు వాడుకోవడానికి ఎనిమిది తొమ్మిది టన్నులు గాల్లోకి వదిలినట్టు. సోలార్‌తో అయితేనే దీనికి ఏమైనా అర్థం.

సింగరేణి_బిడ్డ
మాస్టారూ, అంత తీసిపారేయకండి. మా మంచిర్యాల దిక్కు జైపూర్‌లో సింగరేణి థర్మల్ ప్లాంట్ దగ్గర ఇట్లాంటిదే పెట్టారు. రోజుకు 500 కిలోల సీఓటూ తీసుకుని 180 కిలోల మెథనాల్ చేసే పైలట్. టెక్నాలజీ బెంగళూరు జేఎన్‌సీఏఎస్ఆర్ అనే పరిశోధన సంస్థలో పుట్టిన బ్రీత్ అనే స్టార్టప్‌ది. ఎన్టీపీసీ అయితే వింధ్యాచల్‌లో రోజుకు 20 టన్నులు పట్టే యూనిట్ 2022లో మొదలుపెట్టింది, దానికి 10 టన్నుల మెథనాల్ యూనిట్ జోడింపు. టాటా స్టీల్ జంషెడ్‌పూర్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ నుంచి రోజుకు 5 టన్నులు, 2021లోనే. నడుస్తున్నాయా అని కదా అడిగింది? ఇవి ఉన్నాయి.

లెక్కల_మాస్టారు
ఉన్నాయి, కాదనను. జైపూర్ ప్లాంట్ 1,200 మెగావాట్లు. ఫుల్ లోడ్‌లో రోజుకు 20 వేల టన్నుల పైనే సీఓటూ. 500 కిలోలు అంటే ఆ చిమ్నీలు రెండు సెకన్లలో వదిలేది.

పల్లెటూరోడు
రెండు సెకన్లా. మా తాత ఒక్కసారి చుట్ట పీల్చి వదిలేంతసేపు కూడా లేదు.

సింగరేణి_బిడ్డ
నవ్వండి నవ్వండి. పైలట్ పెట్టేది పొగ తగ్గించడానికా? మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ పొగకి క్యాటలిస్ట్ ఎన్ని గంటలు నిలబడుతుంది, ఎక్కడ తుప్పు పడుతుంది, ఆపరేటర్‌కి ఏం నేర్పాలి, ఇవన్నీ చిన్న కుండలో వండి చూడకుండా పెద్ద డేగిశా పొయ్యి మీద పెడతారా? హైదరాబాద్ బీహెచ్ఈఎల్‌లో బూడిద ఎక్కువున్న మన బొగ్గు నుంచే రోజుకు పావు టన్ను మెథనాల్ తీసి చూపించారు. అప్పుడు కూడా "పావు టన్నేనా" అన్నారు.

లెక్కల_మాస్టారు
అది బొగ్గును గ్యాస్ చేసి తీసిన మెథనాల్. చిమ్నీ పొగ నుంచి కాదు. రెండూ కలిపేయకండి.

సింగరేణి_బిడ్డ
కలపలేదు. పైలట్ ఎందుకు పెడతారో చెప్పడానికి ఉదాహరణ ఇచ్చాను.

ఉత్ప్రేరకం
నేను ఈ క్యాటలిస్ట్‌ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, కాలేజీ వైపు నుంచి కూడా కాస్త వినండి.

మా ల్యాబ్‌లో రియాక్టర్‌కి వెళ్లేది సిలిండర్‌లోని స్వచ్ఛమైన సీఓటూ. పేపర్‌లో రాసే కన్వర్షన్, సెలెక్టివిటీ అంకెలన్నీ దానితో వచ్చినవే. నిజం పొగలో సల్ఫర్ ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి, దుమ్ము, తేమ, ఆక్సిజన్ అన్నీ ఉంటాయి. రాగి క్యాటలిస్ట్‌కి సల్ఫర్ అంటే విషమే. మా గైడ్‌కి ఒక పరిశ్రమతో ఒప్పందం ఉంది, పేరు చెప్పను. "మీ గ్యాస్ అనాలిసిస్ ఇవ్వండి, శాంపిల్ ఇవ్వండి" అని ఏడాదిన్నరగా అడుగుతున్నాం. అది బయటపడితే పొల్యూషన్ బోర్డు తలనొప్పి వస్తుందని వాళ్ల భయం. వాళ్లేమో "మీ క్యాటలిస్ట్ కాంపోజిషన్ చెప్పండి" అంటారు. పేటెంట్ పోతుందని మా భయం. త్రైమాసిక సమావేశంలో ఇద్దరం ఒకరికొకరు పాత స్లైడ్లే చూపించుకుని భోజనం చేసి వస్తాం.

కిల్న్ అన్నా, మంగళవారం మీరు వెళ్లి చేయగలిగిన అతి పెద్ద మేలు ఒకటుంది. మీ స్టాక్ (చిమ్నీ) గ్యాస్ అనాలిసిస్ మూడు నెలలది, గంట గంటకీ, దాచకుండా ఆ కాలేజీ వాళ్ల చేతిలో పెట్టండి.

కిల్న్_బీ_షిఫ్ట్
అమ్మా, ఈ మాట మా కాలేజీ వాళ్లు ఇంతవరకు అడగలేదు. ఇప్పుడు అర్థమైంది వాళ్లకీ ఏం కావాలో తెలియదని. కిల్న్‌కి ముందుండే ప్రీహీటర్ అవుట్‌లెట్ దగ్గర మాకు సీఓటూ 28 నుంచి 30 శాతం ఉంటుంది. రా మిల్, ఫిల్టర్ దాటి స్టాక్‌కి చేరేసరికి ఫాల్స్ ఎయిర్ (సందుల్లోంచి దూరే బయటి గాలి) కలిసి 18, 20కి పడిపోతుంది. స్లైడ్‌లో బాణం స్టాక్ నుంచి గీశారు.

గోదారిగట్టు
అయితే ముందు ఆ ఫాల్స్ ఎయిర్ ఆపించు బాబూ. దానికి ఎమ్ఓయూ అక్కర్లేదు, రెండు సీళ్లు మారిస్తే చాలు. పొగని లాగే ఐడీ ఫ్యాన్ కరెంటు కూడా మిగులుతుంది.

నేను ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ అందరూ సీఓటూ పట్టడం అంటే నిన్న మొన్న పుట్టిన సంగతిలా మాట్లాడుతున్నారు, అందుకని చెబుతున్నా. మన కాకినాడ నాగార్జున ఫెర్టిలైజర్స్‌లో 2009లోనే రోజుకు 450 టన్నులు పట్టే యూనిట్ వచ్చింది. అవును, 450. కిలోలు కాదు. జపాన్ మిత్సుబిషి వాళ్ల సాల్వెంట్, అంటే పొగలోంచి సీఓటూని పీల్చుకునే ద్రవం. అంతకు మూడేళ్ల ముందు ఉత్తరప్రదేశ్‌లో ఇఫ్కో వాళ్ల ఆంవ్లా, ఫూల్పూర్ ఫ్యాక్టరీల్లో అదే సైజువి పెట్టారు. 2012లో విజయ్‌పూర్ ఎన్ఎఫ్ఎల్‌లో ఇంకొకటి.

ఎందుకు పెట్టారంటారా? యూరియాకి అమోనియా, సీఓటూ రెండూ కావాలి. నాఫ్తాతో నడిచే రోజుల్లో హైడ్రోజన్ తీసేటప్పుడే సీఓటూ పుష్కలంగా వచ్చేది. ఇలాంటి ఫ్యాక్టరీలు సహజవాయువు మీదికి మారాక దానిలో కార్బన్ తక్కువ కాబట్టి అమోనియా మిగిలిపోయేది, సీఓటూకి కరువు. పక్కనే రిఫార్మర్ (గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసే కొలిమి) చిమ్నీలోంచి పోతున్న పొగలో అదే సీఓటూ. అందుకని దాన్ని పట్టి, కడిగి, ఒత్తి యూరియాలోకి పంపారు. దాన్ని సీడీఆర్ అనేవాళ్లు. కార్బన్ క్యాప్చర్ అనే మాట అప్పట్లో మా నోళ్లలో లేదు, శాలువాలూ లేవు.

పల్లెటూరోడు
అంటే మా నాన్న పొలంలో చల్లిన యూరియాలో పొగ ఉందన్నమాట. ఇంట్లో చెబితే చుట్ట మానేయమన్నందుకు నన్నే తిడతాడు ఇప్పుడు.

పచ్చనాకు
గోదారిగట్టు గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. పొలంలో చల్లిన యూరియా తడికి కరిగి కొన్ని రోజుల్లోనే ఆ సీఓటూని మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది కదా. మరి పట్టి లాభం ఏంటి? మెథనాల్ కూడా అంతే, కాలిస్తే వెనక్కి. సోడాలో కలిపినా తేన్పుతో బయటికే.

గోదారిగట్టు
లాభం యూరియా తల్లీ. పర్యావరణం కోసం పెట్టామని నేనెక్కడ అన్నాను? గ్యాస్ కావాల్సి వచ్చింది, పెట్టారు. నడిచింది. అవసరం ఉన్నవాడు పెట్టుకున్న మిషన్‌కి మర్నాడు రిపేరు వస్తే అర్ధరాత్రి లేచి చేస్తారు. అవసరం లేనివాడి మిషన్‌కి రిపేరు వస్తే ఫొటోకి పనికొస్తుందిలే అని ఊరుకుంటారు.

లెక్కల_మాస్టారు
ఈ మాటతో నాకు పేచీ లేదు. తూత్తుకుడి కథ కూడా ఇదే. అక్కడి ఆల్కలీ కెమికల్స్ ఫ్యాక్టరీ సోడా యాష్ చేస్తుంది, దానికి సీఓటూ కావాలి. బయట కొనే బదులు సొంత బొగ్గు బాయిలర్ పొగ నుంచే తీసుకుందామని 2016లో కార్బన్ క్లీన్ అనే కంపెనీ సాల్వెంట్‌తో పెట్టుకున్నారు. ఏడాదికి 60,000 టన్నుల సైజు, సర్కారు సబ్సిడీ లేకుండా. ఆ కార్బన్ క్లీన్‌ని పెట్టింది ఖరగ్‌పూర్ ఐఐటీ కుర్రాళ్లే, ఆఫీసు లండన్‌లో. సింగరేణి గారు చెప్పిన టాటా స్టీల్ యూనిట్ కూడా వాళ్లదే.

కాల్గరీ_చలి
ఇంగ్లండ్‌లో టాటా కెమికల్స్ వాళ్లు నార్త్‌విచ్‌లో 2022లో మొదలుపెట్టింది కూడా ఇదే పద్ధతి. ఏడాదికి 40,000 టన్నులు. తమ పవర్ ప్లాంట్ పొగ నుంచి పట్టి, ఆహారానికి వాడే గ్రేడ్‌కి శుభ్రం చేసి సోడియం బైకార్బొనేట్ చేస్తారు. కొంత కిడ్నీ డయాలసిస్‌కి పోతుంది. మనం వంట సోడా అని బజ్జీల్లో వేసేదే.

ఉత్ప్రేరకం
బజ్జీలో వేస్తే వేడికి మళ్లీ సీఓటూ బయటికే, పచ్చనాకు గారు ఇప్పుడు వస్తారు చూడండి.

పచ్చనాకు
వచ్చాను. బజ్జీకి మినహాయింపు.

కిల్న్_బీ_షిఫ్ట్
రాత్రి డ్యూటీలో కూర్చుని నేనూ లెక్క వేశా. చూసి తప్పుంటే చెప్పండి.

మా కిల్న్ నుంచి టన్ను క్లింకర్‌కి దాదాపు 0.85 టన్నుల సీఓటూ. రోజుకు 2,500 టన్నులు. ఇందులో సగానికి పైగా సున్నపురాయి నుంచే వస్తుంది, బొగ్గు మానేసినా అది ఆగదు. అమైన్ అనే సాల్వెంట్‌తో పడితే, పట్టిన టన్ను సీఓటూని మళ్లీ సాల్వెంట్‌లోంచి విడిపించడానికి 3.5 గిగాజౌల్ వేడి కావాలి అంటున్నారు. అంతా పట్టాలంటే ఆ స్టీమ్ కోసం 4,000 కేలరీల బొగ్గు రోజుకు 600 టన్నులు. ఇప్పుడు కిల్న్‌లో కాలుస్తున్నది 560 టన్నులు. అంటే సిమెంట్‌కి ఎంత బొగ్గో, పొగ పట్టడానికి అంతకంటే ఇంకాస్త ఎక్కువ!

వేస్ట్ హీట్ వాడుకోవచ్చు అని స్టార్టప్ అబ్బాయి అన్నాడు. మా వేస్ట్ హీట్ బాయిలర్ స్టీమ్ ఎప్పుడో టర్బైన్‌కి పోతోంది. దాన్ని లాక్కుంటే ఆ మేరకు కరెంటు బయట కొనాలి. ఇది స్లైడ్‌లో లేదు.

లెక్కల_మాస్టారు
లెక్క కరెక్టే. కొత్త సాల్వెంట్లతో 3.5 కంటే కిందికి దిగుతుంది, కానీ సగానికి దిగదు. మీరు ఈ ఒక్క పేజీ ప్రింట్ తీసి మీటింగ్ టేబుల్ మీద పెట్టండి.

ఆడిటర్_పంతులు
ఇంజినీర్లందరూ బొగ్గు లెక్కలు వేస్తున్నారు, మీ మేనేజ్‌మెంట్ ఎందుకు హడావిడి పడుతోందో చెప్పనా? 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ తెచ్చింది. దాని కింద సిమెంట్, అల్యూమినియం లాంటి రంగాలకు టన్ను ఉత్పత్తికి ఇంత సీఓటూ దాటకూడదని 2025లో టార్గెట్లు వచ్చాయి. తగ్గించినవాడికి క్రెడిట్, తగ్గించనివాడు కొనుక్కోవాలి. యూరప్ వాళ్ల కార్బన్ సరిహద్దు పన్ను స్టీలు వాళ్లకి నొప్పి. సిమెంట్ మనం అక్కడికి పెద్దగా పంపం కాబట్టి మీకు నొప్పి ఇంట్లోనే. ఆ ఎమ్ఓయూ ఫొటో వార్షిక నివేదికలో ఏ పేజీలో వస్తుందో నేను ఇప్పుడే చెప్పగలను.

లెక్కల_మాస్టారు
టార్గెట్ అందుకోవడమే పనైతే క్లింకర్ తగ్గించుకోవచ్చు కదా. ఫ్లై యాష్, స్లాగ్ కలపడం మనకి కొత్త కాదు. కాల్చిన మట్టి, సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 సిమెంట్‌కి 2023లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా వచ్చింది. పొగ పట్టడం కన్నా పొగ పుట్టకుండా చూసుకోవడం చవక.

సింగరేణి_బిడ్డ
క్లింకర్ ఎంత తగ్గించినా సున్నా కాదు కదా మాస్టారూ. మిగిలిన దానికి ఏం చేస్తారు? అప్పుడు నేర్చుకోవడం మొదలుపెడతారా?

లెక్కల_మాస్టారు
ఇది న్యాయమైన ప్రశ్న. రేపు జవాబిస్తా, మనవరాలి హోంవర్క్ ఉంది.

కాల్గరీ_చలి
కంపెనీలు కలిసి పనిచేయడం గురించి మా ఊరి సంగతి ఒకటి. ఇక్కడ కెనడాలో ఆయిల్ శాండ్స్ (నూనె కలిసిన ఇసుక) కంపెనీలు బయట ఒకరి గొంతు ఒకరు కోసుకునే పోటీదారులు. 2012లో కొసియా అని ఒక కూటమి పెట్టుకుని, పర్యావరణానికి పనికొచ్చే టెక్నాలజీలు ఒకరితో ఒకరు పంచుకుంటామని సంతకం చేశారు. నూనె తీసే రహస్యాలు ఎవరివి వాళ్లవే, పొగ, నీళ్లు, బురద సంగతులు మాత్రం ఉమ్మడి.

అదే కొసియా, ఎన్ఆర్‌జీ అనే అమెరికా కరెంటు కంపెనీ కలిసి 2015లో కార్బన్ ఎక్స్‌ప్రైజ్‌కి డబ్బు పెట్టాయి. మొత్తం 2 కోట్ల డాలర్లు. పొగలోని సీఓటూని ఎవరు ఎక్కువ విలువైన సరుకుగా మారుస్తారో పోటీ. చివరి పది జట్లలో సింగరేణి గారు చెప్పిన బెంగళూరు బ్రీత్ ఒకటి. న్యూయార్క్ నుంచి వచ్చిన ఇంకో జట్టు సీఓటూతో వోడ్కా చేసింది.

పల్లెటూరోడు
ఆగు ఆగు ఆగు. వోడ్కానా?

కాల్గరీ_చలి
వోడ్కానే. నిజంగా సీసాల్లో అమ్మారు.

పల్లెటూరోడు
కిల్న్ అన్నా, మెథనాల్ వదిలెయ్. నీ ప్లాంట్ గేటు దగ్గర మా మండలం మండలం కాపలా ఉంటుంది.

ఉత్ప్రేరకం
ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. మెథనాల్, ఇథనాల్ పేర్లు దగ్గరగా ఉన్నాయి, మొదటిది తాగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. ఇది జోక్ కాదు.

కాల్గరీ_చలి
అసలు సంగతి చెప్పనివ్వండి. పోటీ జరిగింది సిలిండర్ గ్యాస్‌తో కాదు. నిజం పొగతో, ఒక ట్రాక్ వయోమింగ్‌లో బొగ్గు ప్లాంట్ దగ్గర, ఇంకోటి ఇక్కడ కాల్గరీలో గ్యాస్ ప్లాంట్ దగ్గర. పొగ గొట్టానికి ట్యాప్ పెట్టి ఇచ్చి, "మీ మిషన్ తెచ్చి తగిలించుకోండి" అన్నారు. ఉత్ప్రేరకం గారు ఏడాదిన్నరగా అడుగుతున్నది అదే కదా. 2021లో గెలిచింది ఎవరనుకున్నారు? వోడ్కా కాదు, మెథనాల్ కాదు, ప్లాస్టిక్ కాదు. రెండు ట్రాకుల్లోనూ కాంక్రీటే. కార్బన్‌బిల్ట్, కార్బన్‌క్యూర్, చెరో 75 లక్షల డాలర్లు.

కిల్న్_బీ_షిఫ్ట్
కాంక్రీటా? అంటే మా సరుకులోకే వెనక్కి?

కాల్గరీ_చలి
అవును. సున్నంతో కలిస్తే సీఓటూ మళ్లీ సున్నపురాయి అవుతుంది. మీరు కిల్న్‌లో విడగొట్టినదాన్ని మళ్లీ కలపడమే. దానికి హైడ్రోజన్ అక్కర్లేదు, పైగా రియాక్షన్ వేడి పుట్టిస్తుంది, తినదు. పచ్చనాకు గారి పరీక్షలో కూడా పాస్, రాయి అయ్యాక వెనక్కి పోదు.

పచ్చనాకు
పాస్. మొదటిసారి ఈ థ్రెడ్‌లో ఎవరైనా పాసయ్యారు.

ఇటుకల_బట్టీ
సిమెంట్ మాట వచ్చింది కాబట్టి దిగుతున్నా. ఇబ్రహీంపట్నం దగ్గర నాది ఫ్లై యాష్ ఇటుకలు, సాలిడ్ బ్లాకుల యూనిట్. ఒక అనుమానం. కాంక్రీటులోకి సీఓటూ పోతే లోపల స్టీలుకి తుప్పు పడుతుందని మా ఇంజినీర్ ఎప్పుడూ చెబుతాడు. పాత బిల్డింగులు పెచ్చులూడేది దానివల్లే అంటాడు. మరి కావాలని ఎక్కించడమేంటి?

ఉత్ప్రేరకం
మీ ఇంజినీర్ చెప్పింది నిజమే, గట్టిపడిన కాంక్రీటులోకి ఏళ్ల తరబడి గాలి నుంచి సీఓటూ దూరితే దాని క్షారగుణం తగ్గి ఊచకి రక్షణ పోతుంది. కార్బన్‌క్యూర్ వాళ్లు కలిపేటప్పుడే, చాలా కొద్దిగా ఎక్కిస్తారు, అది అప్పటికప్పుడే సన్నటి రాయి రేణువులుగా మారిపోతుంది, సిమెంట్ కొంచెం తగ్గించుకోవచ్చు. మీ బ్లాకుల్లో అయితే ఊచే లేదు. కాబట్టి క్యూరింగ్ గదిలో నిండా ఎక్కించినా భయం లేదు. నీళ్లతో రోజుల తరబడి తడిపే బదులు గదిలో పెట్టి గ్యాస్ వదలడం, అంతే తేడా.

మన దగ్గర కూడా ఈ దారిలోనే వెళ్తున్నారు. 2025 మే నెలలో కేంద్ర సైన్స్ టెక్నాలజీ శాఖ సిమెంట్ రంగం కోసం ఐదు సీసీయూ (సీఓటూ పట్టి వాడుకునే) టెస్ట్‌బెడ్లు ప్రకటించింది, ఒక్కోదానిలో విద్యా, పరిశోధన సంస్థలతో ఒక సిమెంట్ కంపెనీ జోడీ. హర్యానాలో జేకే సిమెంట్‌తో పెట్టేదానిలో రోజుకు 2 టన్నులు పట్టి తేలికపాటి బ్లాకులు చేస్తారు. మన తిరుపతి ఐఐటీ కూడా ఒకదానిలో ఉంది, జేఎస్‌డబ్ల్యూ సిమెంట్‌తో. అది సాల్వెంట్ లేకుండా వాక్యూమ్‌తో సీఓటూ వేరుచేసి కట్టుబడి సామానులోకి పంపే పద్ధతి.

ఇటుకల_బట్టీ
తడిపే నీళ్లు మిగిలితే నాకు అదే పదివేలు. ఎండాకాలం ట్యాంకర్ కొని తడుపుతున్నా. గ్యాస్ ఎంతకిస్తారు?

కిల్న్_బీ_షిఫ్ట్
ఇవ్వడమేంటి, మేమే ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాలనుకుంటున్నాం.

గోదారిగట్టు
అలా అనకు బాబూ, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు ఉంటుంది ఇది. గ్యాస్‌ని మీ ఊరు దాటించాలంటే శుభ్రం చేసి, చల్లబరిచి, ఒత్తిడి పెట్టి లిక్విడ్ చేసి ట్యాంకర్‌కి ఎక్కించాలి. ఇబ్రహీంపట్నం చేరేసరికి దాని ధర ఇటుక ధరని మింగేస్తుంది. ఆయన బ్లాక్ మిషనే మీ గేటు పక్కకి రావాలి. మా దగ్గర నడిచిందీ అందుకే, పట్టే యూనిట్, వాడే యూనిట్ మధ్య ఒక పైపు దూరం.

ఇంకో మాట. మా కాకినాడ ఫ్యాక్టరీ ఇప్పుడు ఏఎం గ్రీన్ చేతికి వెళ్లింది, అక్కడ గ్రీన్ అమోనియా చేయబోతున్నారు. నీళ్ల నుంచి హైడ్రోజన్, గాలి నుంచి నైట్రోజన్. ఆ అమోనియాలో కార్బన్ లేదు. రేపు ఎవరైనా దానితో యూరియా చేయాలనుకుంటే మళ్లీ సీఓటూ ఎక్కడ అని వెతుక్కోవాలి. పూడిమడక దగ్గర ఎన్టీపీసీ హబ్ లిస్టులోనూ గ్రీన్ యూరియా, గ్రీన్ మెథనాల్ ఉన్నాయి. ఇన్నాళ్లూ పొగ ఎక్కువై ఏడ్చాం, ఇకమీద మంచి పొగ దొరక్క ఏడుస్తారేమో.

సింగరేణి_బిడ్డ
గదీ మాట. అప్పుడు పనికొచ్చేది జైపూర్ రెండు సెకన్ల పైలట్‌లో చేయి కాల్చుకున్నవాళ్లే.

లెక్కల_మాస్టారు
హోంవర్క్ అయింది. సింగరేణి బాబూ, నిన్నటి ప్రశ్నకి నా జవాబు: పైలట్లు పెట్టాలి, కానీ దానిలో వచ్చిన నష్టాలు, ఆగిపోయిన గంటలు కూడా బయట పెట్టాలి. రెండు సెకన్లని వెక్కిరించడం నాకు సరదా కాదు. ఎన్ని గంటలు నడిచిందో ఎవరూ చెప్పరు, అదీ నా బాధ.

సింగరేణి_బిడ్డ
దానికి నేనూ సంతకం పెడతా.

ఆడిటర్_పంతులు
శాలువా కూడా కప్పండి ఇద్దరికీ.

మోడరేటర్
వోడ్కా రెసిపీ అడిగిన మూడు పోస్టులు తీసేశాను. మళ్లీ పెట్టకండి.

కిల్న్_బీ_షిఫ్ట్
మీటింగ్ అయింది. అందరూ అడుగుతారని రాస్తున్నా.

బొగ్గు పేజీ ప్రింట్ తీసి పెట్టాను. స్టార్టప్ అబ్బాయి చదివి, మెచ్చుకోవాలి, బుకాయించలేదు. "పైలట్‌కి హైడ్రోజన్ సిలిండర్లలోనే తెస్తాం, ఆ తర్వాత సంగతి మాకూ తెలీదు సార్" అన్నాడు. కాలేజీ ప్రొఫెసర్ గారికి మూడు నెలల గ్యాస్ అనాలిసిస్ ఇస్తానంటే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ అడగడానికి మొహమాటపడ్డారట! మా ఎన్విరాన్‌మెంట్ విభాగం వాళ్లు మాత్రం "ఒకసారి లీగల్ చూడాలి" అని ఆ ఫైలు తీసుకుపోయారు. ఉత్ప్రేరకం గారు చెప్పినట్టే.

తర్వాత బ్లాకుల సంగతి ఎత్తాను. గేటు పక్కన రెండెకరాలు ఖాళీగా ఉంది, ప్రీహీటర్ నుంచి చిన్న స్లిప్ స్ట్రీమ్ (పొగలో ఒక పాయ) తీసి, చల్లార్చి, దుమ్ము తీసి క్యూరింగ్ గదికి పంపుదాం, అమైన్ అక్కర్లేదు, హైడ్రోజన్ అక్కర్లేదు, బ్లాకులు మన కాలనీ గోడకే వాడి చూద్దాం అన్నాను. ప్రొఫెసర్, స్టార్టప్ ఇద్దరూ ఒప్పుకున్నారు. జీఎం కాసేపు ఆలోచించి, "మెథనాల్ అంటే పేపర్‌లో వేస్తారు. ఇటుకంటే ఎవడు వేస్తాడయ్యా?" అన్నారు.

ఇటుకల_బట్టీ
నేను వేస్తా. ఇటుక మీద అచ్చు వేసి మీ జీఎం గారి పేరు. మిషన్ ఎప్పుడు తెమ్మంటారు?

గోదారిగట్టు
స్లిప్ స్ట్రీమ్ తీసేచోట వాల్వ్ మంచిది పెట్టించు. తర్వాత అందరూ నిన్నే అంటారు.

కిల్న్_బీ_షిఫ్ట్
నెల తర్వాత చెబుతామన్నారు. సీళ్లు మార్చడానికి మాత్రం ఇండెంట్ ఈ రోజే పెట్టాను బాబాయ్, దానికి ఎవరినీ అడగలేదు.

పల్లెటూరోడు
శాలువా?

కిల్న్_బీ_షిఫ్ట్
ఈసారీ టీయే. బిస్కెట్ కూడా వచ్చింది.